ఓడెక్కిన భాగ్యమ్మ చీర

పరిశోధన ఓడలో పనిచేసే మనుమరాలు అక్షయకు, నెల్లికుదురు నుంచి నీ బాపమ్మ కొమురమ్మ, వయసు డెబ్బై ఆరు, కొడుకు జగపతి ఇంట్లో ఉంటూ చెప్పి రాయిస్తున్నది. అందరం బాగున్నం.

నీ ఫోటో చూసిన. సముద్రంలోకి దించే గాజు యంత్రానికి దెబ్బ తగలకుండా మీ అమ్మమ్మ భాగ్యమ్మ చీర చుట్టినవు. "నా చీర ఓడెక్కింది" అని ఆమె డోర్నకల్ అంతా చెప్పుకుంటున్నదట. చిన్నప్పుడు నిన్ను ఊపిన ఉయ్యాల ఎవరి చీరది? నాది కాదా? అదే చీర పార్సిల్ చేసిన, ఓడ కదిలేలోపు అందుతది. తలకు నూనె పెడుతున్నవా? ఆమె చీర పారెయ్యకు, యంత్రం కింద పరుచు. పైన నాది చుట్టు. ఫోటో తీసి ముందుగాల ఆమెకే పంపు. సల్లగుండు బిడ్డా.

కొమురమ్మ వేలిముద్ర
సాక్షులు: కార్డు రాసిన శృతి, పక్కింటి సోమనర్సయ్య