రెండోసారి తీసిన వాగ్దాన కార్డు

ఆదివారం రాత్రి, ప్లేనో, టెక్సస్

సాయంత్రం రూతు ఆంటీ ఇంట్లో ప్రార్థన కూడిక అయ్యాక, బైబిలు వాక్యాలు రాసిన వాగ్దాన కార్డుల డబ్బా నా చేతికొచ్చింది. వేరే రాష్ట్రంలో, మోరిస్‌విల్‌లో వచ్చిన ఉద్యోగానికి ఒప్పుకోమంటావా ప్రభువా అని కళ్ళు మూసుకుని ఒకటి తీశాను. ప్రభువు కోసం ఓపికతో కనిపెట్టుకొని ఉండమన్న వాక్యం వచ్చింది. ఎవరూ చూడలేదనుకుని లోపల పెట్టేసి ఇంకొకటి తీశాను.

"ఏమ్మా, ప్రభువు మాట మార్చుకునేదాకా తీస్తావా?" అన్నారు ఆంటీ, నేనది చదవకముందే. అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

"రేపే ఆన్సర్ ఇవ్వాలి ఆంటీ."

"డెడ్‌లైన్ నీకుంది తల్లీ, ఆయనకి లేదుగా!" అంటూ చేతిలో బిర్యానీ డబ్బా పెట్టారు.

వచ్చేటప్పుడు కార్‌లో పాటలు పెట్టలేదు. మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేను. వచ్చినదాన్ని వదిలితే మళ్ళీ రాదన్న భయం నాతోపాటే పెరిగింది. ఇన్నాళ్ళూ ఆ భయమే నా ప్రార్థనలన్నీ చేసిందేమో. ఆయన మాట్లాడటానికి సందెక్కడిచ్చాను?

ఇందాక మంచం పక్కన మోకరించి, ఉద్యోగం పేరెత్తకుండా, "చెప్పు ప్రభువా, ఏదైనా సరే" అని మాత్రం అన్నాను. భయం పోలేదు. తొందర మాత్రం కాస్త తగ్గింది.

ఇంకా ఆమేన్ అనలేదు. వింటున్నాను.