సుజాత ముట్టని కత్తెర

గద్వాల, మంగళవారం రాత్రి

మగ్గం నేసే సుజాత కూతురు శిరీష గ్రహణమొర్రితో పుట్టింది. ఆపరేషన్‌తో పెదవి, అంగిలి కలిశాయి. కానీ మా బడిలో రెండో తరగతికి వచ్చినా అక్షరాలు గుర్తుపట్టడం లేదు. ఇలాంటి పిల్లల్లో కొందరికి మెదడు ఎదుగుదల వేరుగా ఉండవచ్చని, శిరీష సంగతి ఇప్పుడే చెప్పలేనని డాక్టర్ నాతో అన్నారు.

"కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు దారం కత్తిరించిన సార్. గందుకే గిట్లయింది," అంది సుజాత, నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు మగ్గం నేస్తూ.

దానివల్ల కాదన్నాను.

"మరి దేనివల్ల? చదువొస్తదా దీనికి?"

తెలియదన్నాను.

అప్పటికి చీర నేయడం పూర్తయింది. పక్కనే శిరీష వాళ్ల అవ్వ దారం చుడుతోంది. చీరను మగ్గం నుంచి కత్తిరించడానికి శిరీష కత్తెర తెచ్చి అందించబోతే, సుజాత చేతులు వెనక్కి తీసుకుంది.

"నాకొద్దు బిడ్డా. అవ్వకియ్యి."