డాల్ఫిన్ చేప కాదని నీకు తెలుసు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమ్మ నీ ఫొటోకి దండ వేసింది. నాకు మాత్రం నీ మీద కోపంగా ఉంది.

నిన్న కాలేజీలో జువాలజీ మేడం మా ఫోన్లలో ఒక యాప్ వేయించారు. రెండు ప్రాణుల పేర్లు కొడితే వాటి పూర్వీకులు ఎక్కడ కలుస్తారో చెట్టు కొమ్మల మీద చూపిస్తుంది. డాల్ఫిన్, ఆవు దగ్గర్లోనే కలిశాయి. డాల్ఫిన్, వంజరం చేప కలవడానికి చెట్టు మొదలు వైపు చాలా కిందికి దిగాల్సి వచ్చింది.

వలలో డాల్ఫిన్ పడితే నువ్వు వల కోసి వదిలేసేవాడివి. "అది చేప కాదే, పిల్లకి పాలిస్తాది" అనేవాడివి. ఐదో తరగతి పరీక్షలో నేనదే రాస్తే మాస్టారు జవాబు కొట్టేశారు. నువ్వు చెప్పావంటే, "మీ నాన్న ఏ కాలేజీలో చదివాడేంటి?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నువ్వొచ్చి నిలదీస్తావనుకున్నాను. వచ్చావు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, "చదువు లేనోణ్ణండి, తమరు చెప్పిందే రైటండి" అన్నావు.

నిన్న ఫోన్ చూపిస్తే అమ్మ అంది, "ఎదురు చెప్తే నిన్ను బళ్ళోంచి తీసేస్తారని భయపడ్డాడే."

ఎవరు తీసేస్తారు నాన్నా? తప్పు చెప్పింది ఆయన. తలొంచింది నువ్వు.

తర్వాతి పరీక్షలో డాల్ఫిన్ చేపేనని రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. నువ్వా పేపరు పట్టుకుని ఉప్పాడ ఒడ్డున పడవ పడవకీ తిరిగి చూపించావు. అందులో ఏం రాసుందో చదవడం నీకు రాదు. నేనూ చెప్పలేదు.