తల విరగని గిటారు

చిత్తూరు, మంగళవారం.

నాయనకు నిస్సీ వందనాలు. ఫోన్‌లో చెబితే నీకు వినపడదని కార్డు రాస్తున్నాను.

తమ్ముడు జోయల్ బండి ప్రమాదంలో పోయిన రోజే గిటారు తల కూడా విరిగిందని ఏడాదిగా బాధపడుతున్నావు కదా. దాన్ని తమ్ముడికి అమ్మిన తిరుపతి ఆర్కెస్ట్రా మునిశేఖర్ అన్న దగ్గరికి తీసుకుపోయాను. అతికించమని నువ్వు టేకుతో చెక్కి ఇచ్చిన తలను కూడా చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

"ఇది ఇరగలేదమ్మా. ఈ బేస్ గిటారును తల లేకుండానే చేసినారు. తీగలు బిగించేది ఈడ, కింద సూడు. నేను పన్నెండేండ్లు ఇట్లనే వాయించినాను, జోయల్ కూడా ఇట్లనే వాయించినాడు" అన్నాడు.

గిటారుకు ఏమీ కాలేదు నాయనా.

తమ్ముడి జ్ఞాపకార్థ కూడికలో ఆయనే వాయిస్తానన్నాడు. గూట్లో ఉన్న గిటారు నల్ల బెల్టు పంపు. బీపీ మాత్రలు మానొద్దు. టేకు తల నా దగ్గరే ఉంచుకుంటాను. ఐరాల సంఘంలో అందరికీ నా వందనాలు చెప్పు.

కూడిక రోజు నువ్వు స్పీకర్ పెట్టె పక్కనే కూర్చో. తమ్ముడు వాయించేటప్పుడు నువ్వు కళ్లు మూసుకుని దాని మీద చెయ్యి ఎందుకు పెట్టుకునేవాడివో ఇన్నాళ్లూ నాకు తెలియలేదు. మునిశేఖర్ అన్న ఒక్క తీగ మీటినప్పుడు నేనూ పెట్టి చూశాను, అరచేతికి ఆ అదురు తెలిసింది.

నీ కూతురు,
నిస్సీ