పొయ్యి వెలిగించాను

సిన్నీ,

ఫోనులో ఇదంతా చెప్పలేక కార్డు రాస్తున్నాను. మీ అక్కని మంటల్లోంచి లాగబోయి కాలిన అన్న గణేషు చేతులకి ఇక్కడ ఆసుపత్రిలో కట్లు విప్పారు. కాలినవాళ్ళూ, వాళ్ళని చూసుకునేవాళ్ళూ కూడి మాట్లాడుకునే చోటికి ఆదివారం వెళ్ళాం. మొహమంతా కాలిన వరహాలమ్మ నన్నే టీ పెట్టమంది. అక్క పోయాక నేను పొయ్యి ముట్టలేదు కదా, లైటరు తీసి మళ్ళీ కింద పెట్టేశాను.

"ఎలిగించమ్మా. మంటకి నా మొహమంటేనే ఇష్టం, నీ జోలికి రాదు" అని పక్కనే నిలబడింది. వెలిగించాను. గణేషు గోడకి అతుక్కుపోయాడు, కానీ టీ తాగాడు.

మంట చూస్తే నాకింకా అక్క కేకే వినిపిస్తోంది. అయినా పొయ్యి ముట్టనని నీచేత వేయించుకున్న ఒట్టు తీసి గట్టున పెట్టాను. నాన్న సముద్రం మీద చేపల వేటకి వెళ్తున్నాడా? ఆయన ఇంట్లో ఉన్నప్పుడే వెలిగించు. ముందు గ్యాసు వాసన చూసుకో, కిటికీ తెరువు, చున్నీ తీసెయ్యి. నూకాలమ్మ తల్లి నిన్ను కాయాలి. హోటలు కూడు ఇంక చాలు. వేడన్నం వండుకుని కడుపునిండా తిను తల్లీ.

మీ అమ్మ