అందించని డైలాగు

మాస్టారూ,

మీరు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం మీకు చేరదు కాబట్టి, తప్పులు దిద్ది వెనక్కి పంపుతారన్న భయం లేదు.

ఇవాళ మన థియేటర్ డిపార్ట్‌మెంట్ పిల్లల పరీక్ష నాటకం. తెర నేనే లాగాను. తాడు బరువెక్కిందో, నేనే అరిగిపోయానో, మోకాళ్ళు ఒకటే మూలుగు. ముసలమ్మ వేషం శ్రావణిది. కొండపల్లిలో బొమ్మలు చెక్కే ఆయన కూతురు. ఇందులో తప్పితే దానికి ఏడాది పోయినట్టే.

రెండో రంగంలో డైలాగు మరిచిపోయి, వాళ్ళ నాన్న చెక్కిన బొమ్మలా నిలబడిపోయింది. ఆ మాట నాకు నోటికొచ్చు. "మరిచిన మాట అందించకయ్యా, తిప్పలు పడనీ, అప్పుడే నటన వస్తుంది" అని ఇరవై ఏళ్ళు అరిచారు మీరు. ఇరవై ఏళ్ళూ తెరచాటు నుంచి నేను అందిస్తూనే వచ్చాను. ఇవాళ నోరు తెరిచి, పక్కనున్న మీ ఖాళీ స్టూలు చూసి మూసుకున్నాను. తిట్టేవాళ్ళు లేకపోతే దొంగతనంలో రుచేముంది?

శ్రావణి మెల్లగా కూలబడింది. కొంగుముడి విప్పి, లేని వక్కముక్క తీసి బుగ్గన పెట్టుకుని నమిలింది. నమిలి నమిలి డైలాగు చెప్పింది. ముసలమ్మ ఆలోచించి మాట్లాడిందనుకున్నారు జనం. పరీక్షకొచ్చినాయన ఆ వక్కకే పాస్ చేశానన్నారు.

తెర పడగానే నా మీదకొచ్చింది.

"చచ్చాననుకున్నా బాబాయ్! ఒక్క ముక్క అందిస్తే నీ సొమ్మేం పోయేది?"

"మాస్టారు తిడతారమ్మా."

స్టూలు వంక చూసి, కొంగుతో దాని మీద దుమ్ము తుడిచింది.

దాని మీద ఇంకా ఎవర్నీ కూర్చోనివ్వడం లేదండీ. మోకాళ్ళు ఎంత మొత్తుకున్నా, నన్ను కూడా.

మీ తెర సుబ్బారావు