ముందు చక్రాల కారు, వెనక డిక్కీలో బియ్యం

షామ్‌బర్గ్, ఇల్లినాయ్
ఫిబ్రవరి, 1986

పూజ్యులైన అక్కయ్యగారికి,

మీ తమ్ముడు దేవసహాయం, మరదలు సువార్త, మేనకోడలు షీల వినయపూర్వకంగా చేసే వందనాలు. దేవుని కృపవల్ల ఇక్కడ ముగ్గురమూ తిని, తిరిగి, పని చేసుకొనే ఆరోగ్యంతో ఉన్నాము. బాపట్లలో మీరూ బావగారూ కూడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను గాని, మీ చేతివ్రాతలో ఆ మాట చదివితే తప్ప నా మనస్సు కుదుటపడదు. బావగారి మోకాలి నొప్పికి మేము పంపిన మందు పనిచేసిందా? చర్చి పైకప్పు మరమ్మతు క్రిస్మస్‌లోగా పూర్తయిందా? మీరు పంపిన ఎండు గోంగూర చక్కగా చేరింది. సువార్త దానిని ఒక డబ్బాలో దాచి, పండుగ వంటకు తీసినట్టు చిటికెడు చిటికెడుగా తీస్తున్నది.

మీ ఉత్తరంలో ఒక ప్రశ్న కొంచెం కోపంగానే అడిగారు. "ఆ మంచులో ఆడమనిషి చేతికి కారిచ్చి ఒంటరిగా పంపుతున్నావటగదా తమ్ముడూ, నీకేం పని, దింపి రాలేవా?" అని. ఆమె మంచులో ప్రయాణం మానాలని ప్రార్థన చేస్తున్నానని కూడా వ్రాశారు. ఈ సంగతి మీకు ఎవరు చేరవేశారో నేను అడగను. మీరు పెద్దవారు, అడగవలసినదే అడిగారు. ఒక్క వాక్యంలో జవాబు వ్రాసి ఊరుకోవడం మర్యాద కాదు గనుక, జరిగినది మొదటినుంచి విన్నవిస్తున్నాను.

ఇక్కడి మంచును గురించి ఎంత వ్రాసినా తక్కువే. మన సూర్యలంక ఒడ్డున ఇసుక ఎలా పరుచుకొని ఉంటుందో, ఉదయం తలుపు తీస్తే మా వాకిలి అలా ఉంటుంది. అయినా ఈ దేశపు ఏర్పాటు చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. తెల్లవారకముందే పెద్ద లారీలు ముందు ఇనుపరెక్క కట్టుకొని మంచును పక్కకు తోస్తూ, వెనకనుంచి ఉప్పు చల్లుతూ వెళ్ళిపోతాయి. వాకిట కళ్ళాపి చల్లినంత శ్రద్ధగా చల్లుతారు. ఎవరూ కేకలు వేయరు, పని మాత్రం జరిగిపోతుంది. ఆ నిశ్శబ్దమే కొన్ని రోజులు భరించరానిదిగా తోస్తుందని కూడా మీకు చెప్పాలి. వారమంతా వీధిలో మనిషి గొంతు వినబడదు. ఆదివారం మన తెలుగు ఆరాధనలో నలుగురి నోట "బాగున్నారా" అనిపించుకుంటే గాని నాకు ఆ వారం గడిచినట్టుండదు.

సువార్త పనిచేసే ఆసుపత్రిలో గుండెజబ్బుల వార్డుకు ఇన్‌చార్జి నర్సు పదవి ఖాళీ అయింది. దానిని ఆమెకే ఇస్తామన్నారు. మన మిషను ఆసుపత్రిలో తర్ఫీదు పొందిన మనిషికి, ఇంత పెద్ద ఆసుపత్రిలో, ఈ దేశపు నర్సులమీద అధికారం! ఆ రోజు నేను భోజనం చేయకుండానే ప్రార్థనకు కూర్చున్నాను. అయితే ఒక షరతు ఉంది. ఇన్‌చార్జి మంచు పడినా పడకపోయినా ఉదయం అందరికన్నా ముందు వార్డులో ఉండాలి. క్రిస్మస్‌లోపల అవునో కాదో చెప్పమన్నారు.

ఇంతకాలం ఆమెను నేనే దింపేవాణ్ణి. ఇప్పుడు నా ఆఫీసు వేళ కూడా అదే అయింది, దిక్కు మాత్రం ఎదురు. బాపట్లలో పగలు గుమాస్తాగిరీ చేసి రాత్రి కళాశాలలో బి.కాం. చదివినవాణ్ణి నేను, ఇక్కడ మళ్ళీ సాయంకాలపు తరగతులలో కూర్చొని సంపాదించుకొన్న ఉద్యోగం ఇది. ఆలస్యంగా వెళ్ళడం నా చేత కాదు. మా పాత కారు చూడబోతే వెనక చక్రాలతో నెట్టుకొనిపోయే రకం. మంచులో దాని వెనకభాగం కుక్కతోక ఊగినట్టు ఊగుతుంది. అందుకు ఇక్కడివారు చలికాలమంతా డిక్కీలో ఇసుక మూటలు వేసుకొని తిరుగుతారు. మనవాళ్ళం ఇసుక కొనము గదా! షికాగోలోని ఇండియన్ దుకాణంలో ఇంటికీ, చర్చి క్రిస్మస్ విందుకూ కావలసిన బియ్యం ఒకేసారి కొని, ఆ బస్తాలను డిక్కీలోనే ఉంచుతాము. బరువుకు బరువు, తిండికి తిండి. మా సంఘంలో ఈ ఆచారం నేనే ప్రారంభించాను.

కనుక రెండవ కారు తప్పనిసరి అయింది. ఏ కారన్నది ప్రశ్న. విషయం చదవకుండా అభిప్రాయం చెప్పడం నాకు అలవాటు లేదు. లైబ్రరీలో కార్ల పత్రికలు ముందువేసుకొని చదివాను. ఇప్పుడు రెండు విధాలైన కార్లు మంచుకు మంచివంటున్నారు. ఒకటి ఫ్రంట్‌వీల్ డ్రైవ్, అంటే ఇంజను ముందు చక్రాలను తిప్పితే అవి కారును లాక్కొనిపోతాయి. రెండవది ఆల్‌వీల్ డ్రైవ్, అందులో నాలుగు చక్రాలూ లాగుతాయి. నేను నాలుగు చక్రాల పక్షం వహించాను. సువార్త ముందు చక్రాలు చాలునన్నది.

మా సంఘంలో రాజరత్నంగారని ఒక డాక్టరుగారు ఉన్నారు, నాలుగు చక్రాల కారు నడిపేది మాలో ఆయన ఒక్కరే. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఆయన నా తరఫున మాట్లాడారు.

"అమ్మా సువార్తా, నా మాట విను. నాలుగు వీల్సూ లాగే కారైతే గోడైనా ఎక్కేస్తది."

"నేను డ్యూటీకెళ్ళేది హాస్పిటల్‌కండీ డాక్టరుగారూ, గోడమీదకి కాదు."

అందరూ నవ్వారు. డాక్టరుగారే అందరికన్నా గట్టిగా నవ్వారు. నేను మాత్రం పత్రికలో చదివినదంతా వివరించాను. ఆమె పప్పు వడ్డిస్తూనే విన్నది.

"అంతా బానే ఉందండీ. కదలడానికి మీ కారుకి నాలుగు చక్రాలూ పనిచేస్తాయి, నా కారుకి రెండే. మరి ఆగడానికో? ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకీ ఉంటాయిగా. ఐస్‌మీద కదలక చెడిపోయినోళ్ళు మా హాస్పిటల్‌కి రారు. ఆగక చెడిపోయినోళ్ళే వస్తారు."

"డాడీ, మమ్మీ గెలిచింది," అన్నది షీల. ఈ దేశపు యాసలో దాని తెలుగు మీరు వినాలి. నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది.

నేను ఒప్పుకోలేదు. నాకు ఆమె మాట అర్థం కాక కాదు, అక్కయ్యా. తెల్లవారుజామున ఆ రోడ్డు మీద ఆమె ఒక్కతే ఉంటుందన్న తలపు నన్ను కదలనివ్వలేదు. అయితే చిక్కు ఒకటి వచ్చిపడింది. కార్ల దుకాణంలో నాలుగు చక్రాల కారు సిద్ధంగా లేదు, తెప్పించాలంటే చలికాలం దాటుతుందన్నారు. అంటే నేను కోరిన కారు కావాలంటే ఆమె ఆ పదవి వదులుకోవాలి. ముందు చక్రాల కారు మాత్రం అక్కడే ఉంది. శని, ఆదివారాలు తీసుకొనివెళ్ళి నడిపి చూడండని దుకాణంవాడు తాళాలు చేతికిచ్చాడు. ఇంత నమ్మకం మీరు ఎక్కడైనా చూశారా!

"మన చర్చి మెరక ఎక్కితే ఇదే కొందాం. ఎక్కకపోతే ఈ ఏటికి ఆ పోస్టు వద్దని చెప్పేద్దాం," అన్నాను. సువార్త నా ముఖం చూసి, "సరేనండీ" అన్నది. ఆమె సరేనంటే సరే, మళ్ళీ దానిమీద చర్చ ఉండదు.

మేము ఆరాధనకు అద్దెకు తీసుకొనే చర్చి ఒక మెరకమీద ఉంది. ఆ ఆదివారమే క్రిస్మస్ విందు. తెల్లవారినప్పటినుంచీ మంచు కురుస్తూనే ఉంది. విందు బియ్యం పాత కారులోనుంచి తీసి, అలవాటు ప్రకారం కొత్త కారు డిక్కీలో నేనే సర్దాను. సువార్త నడిపింది. ఊళ్ళో రోడ్డంతా కారు ఎంతో వినయంగా పోయింది. మెరక మొదలయ్యేసరికి ముందు చక్రాలు గిరగిర తిరిగాయి, కారు మాత్రం కదలలేదు. ఇంకొంచెం ఎక్కించబోతే వెనక్కి జారింది. చర్చి వాకిట నిలుచున్న మనవాళ్ళంతా పట్టుచీరలమీద ఓవర్‌కోట్లు వేసుకొని చూస్తున్నారు.

"తోస్తాం ఉండండి బాబుగారూ!" అని ఒకరు కేక వేశారు.

"చూశావా, నేను చెప్పలేదూ?" అన్నాను.

అన్నాక ఆమె ముఖం చూశాను. ఆమె నాతో వాదించలేదు. స్టీరింగుమీద చేతులు అలాగే ఉన్నాయి. ఆ పదవికి "వద్దు" అని చెప్పే వాక్యం మనస్సులో కూర్చుకొంటున్నట్టు ఉంది ఆ ముఖం.

ఆమె కారు ఆపి, దిగి, పక్కగా నిలుచొని కారును చూసింది. మంచం పక్కన నిలుచొని రోగిని చూసినట్టు చూసింది.

"ఏవండీ, బియ్యం ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడేమిటి, డిక్కీలో. ఎప్పుడూ పెట్టేచోటే."

"మరి ఇది ఎప్పటి కారు కాదు గదండీ! ఇది లాగేది ముందు చక్రాలతో. మీరు బరువంతా తీసుకెళ్ళి తోకమీద వేశారు. చూడండి, ముక్కు ఎలా పైకి లేచిందో. ముందు చక్రాలకి నేల అందితేగా లాగడానికి!"

నేను దిగి చూశాను. ఆమె చెప్పినది అక్షరాలా నిజం. ఎడ్లను మెడమీద బరువు లేకుండా పైకి తేల్చి బండి లాగమన్నట్టు ఉంది నేను చేసిన పని. పత్రికలలో ఈ సంగతి లేదు. ఎలా ఉంటుంది, ఫ్రంట్‌వీల్ కారు డిక్కీలో విందు బియ్యం వేసుకొని మెరక ఎక్కేవాళ్ళం మేము తప్ప ఎవరుంటారు!

డాక్టరు రాజరత్నంగారు పరుగున దిగివచ్చి, సూటు మీదనే ఒక బస్తా భుజానికెత్తుకున్నారు. "గుండెకాయల డాక్టర్ని బియ్యం కూలీని చేశావు గదమ్మా," అంటూనే మెరక ఎక్కారు. మిగిలినవి తలా ఒకరు అందుకొన్నారు. చివరికి ఒక చిన్న బస్తా మిగిలింది. సువార్త దానిని చూసి, నన్ను చూసింది.

"మీరు ముందు సీట్లో కూర్చోండి. అది ఒళ్ళో పెట్టుకోండి."

కోటు, టై, ఒళ్ళో బియ్యం బస్తా. నేను కూర్చున్నాను, అక్కయ్యా. ఆమె గేరు వేసి, తొందరపడకుండా, నిద్రపోయే బిడ్డను భుజం మార్చినట్టు మెల్లగా కారును కదిలించింది. చక్రాలు ఒక్కసారైనా ఊరికే తిరగలేదు. కారు నేరుగా చర్చి వాకిటి ముందుకు వచ్చి ఆగింది. మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. షీల వెనక సీటులోనుంచి నా మెడ కౌగిలించుకొని, "డాడీ, యు ఆర్ ఎ గుడ్ బ్యాగ్" అన్నది. దానికి నేను కోపం తెచ్చుకోలేదని మీకు ప్రత్యేకంగా తెలియజేస్తున్నాను.

ఆ కారే కొన్నాము. పాస్టరుగారు బానెట్‌మీద చేయి వేసి ప్రార్థన చేశారు. సువార్త ఆసుపత్రికి అవునని చెప్పింది. కొత్త సంవత్సరం మొదట్లో పెద్ద మంచు కురిసిన ఉదయం ఆమె ఒంటరిగా బయలుదేరింది. నేను కిటికీ దగ్గర నిలుచొని చూశాను. ఆమె వెళ్ళిపోయాక వాకిట రెండు చక్రాల చాళ్ళు మిగిలాయి. గీటుకర్ర పెట్టి గీసినట్టున్నాయి. ఎక్కడా వంకర లేదు. ఆఫీసుకు ఫోను చేస్తుందని ఎదురుచూశాను. చేసింది. "వచ్చేశానండీ, ఇంకా సగంమంది రాలేదు," అని పెట్టేసింది. ఆ రోజంతా నా పక్క బల్లలవారికి మా ఇంటివిడ ఉద్యోగమేమిటో ఏదో ఒక సందర్భం కల్పించుకొని చెప్పాను.

ఇక మీ ప్రశ్నకు జవాబు. దింపి రాలేవా అని అడిగారు. దింపగలను, అక్కయ్యా. కాని ఆ మెరకమీద ఆమె పక్కన కూర్చొని చూసిన తరువాత, ఆమెకంటే నేను మెరుగుగా దింపగలనని చెప్పే ధైర్యం నాకు లేదు. ఆమె మంచులో ప్రయాణం మానాలని మీరు చేస్తున్న ప్రార్థన దయచేసి మార్చుకోండి. క్షేమంగా వెళ్ళి రావాలని చేయండి. మీ ప్రార్థనకు ఉన్న శక్తి నాకు తెలుసు గనుకనే ఇంతగా బతిమాలుతున్నాను.

చిన్న మనవి. వీలైతే మరికొంత ఎండు గోంగూర, మీ చేతి కందిపొడి ఎవరైనా వస్తుంటే పంపండి. మీరిద్దరూ కలిసి తీయించుకొన్న ఫొటో కూడా ఒకటి కావాలి. షీల అడుగుతున్నది. బావగారికి నా నమస్కారాలు, అక్కడి పాస్టరుగారికీ పాస్టరమ్మగారికీ మా వందనాలు, పిన్నివాళ్ళింట్లో పెద్దలందరికీ మా మర్యాదలు తెలియజేయండి. మా ముగ్గురిమీదా మీ దీవెన ఉంచండి, సువార్త పేరు ముందు చెప్పి.

ఇది వ్రాస్తుండగా బయట మళ్ళీ మంచు మొదలయింది. ఆరాధనకు వేళయింది. సువార్త కోటు తొడుక్కొని, తాళాలు చేతబట్టుకొని తలుపు దగ్గర నిలుచొని పిలుస్తున్నది. "త్వరగా రండి. ముందు సీట్లో మీరుంటేనే కారు బాగా ఎక్కుతుంది."

ముగిస్తున్నాను. వెళ్ళి నా చోటులో కూర్చోవాలి.

ఎల్లప్పుడూ మీ ఆశీస్సులు కోరే,
మీ తమ్ముడు
దేవసహాయం, బి.కాం.